పెరగకపోతే ఏమిటి? - స్థలం కొనేముందు కుటుంబం వేసుకోవలసిన లెక్క



ఆదివారం పూజ ముగిసి బయటకు వచ్చాక గుడి ఆవరణలో చెట్టు నీడన రెండు మూడు గుంపులు నిలబడడం మీరు చూసే ఉంటారు. ఒక గుంపులో పిల్లల చదువుల మాట. ఇంకొక గుంపులో పెళ్ళి సంబంధాల మాట. మూడవ గుంపులో మాత్రం ఏ విచారణలోనైనా ఒకటే మాట: "హైవే పక్కన కొత్త వెంచరు వేశారట. గజం ఎనిమిది వేలట. ఏడాది తిరిగేసరికి పదిహేను అవుతుందట."

ఈ "అట"ల మీద మన కుటుంబాలు ఎంత డబ్బు పెడుతున్నాయో ఆలోచించండి. ఉద్యోగ విరమణనాడు చేతికి వచ్చిన సొమ్ము, కువైట్‌లో ఇంటిపని చేసి తల్లి పంపిన సొమ్ము, ఆడపిల్ల పెళ్ళికని దాచిన సొమ్ము. ఇవన్నీ జీవితంలో ఒక్కసారి వచ్చేవి. పోతే తిరిగి కూడబెట్టడానికి వయసు ఉండదు. అందుచేత స్థలం, ఇల్లు కొనేటప్పుడు బుద్ధిని ఉపయోగించి నిర్ణయం చేయడం ఎలాగో ఈ వారం నేర్చుకుందాం.

ఒక మాస్టారిని ఊహించుకోండి. నిరుడు ఉద్యోగ విరమణ చేశారు. చేతికి 20 లక్షలు వచ్చాయి. కూతురు పెళ్ళి మరో రెండేళ్ళలో చేయాలి. ఒక ఏజెంటు కారులో తీసుకువెళ్ళి వెంచరు చూపించాడు. "మాస్టారూ, ఈ కార్నరు బిట్టు మీకోసమే ఆపానండి. రేపు సాయంత్రం దాటితే నా చేతుల్లో ఉండదు" అన్నాడు. మాస్టారు ఇంటికి వచ్చి ఉత్సాహంగా చెప్పారు. ఆయన భార్య అంతా విని ఒకే ఒక్క మాట అడిగింది: "పెరుగుతుందంటున్నారు, బాగానే ఉందండి. పెరగకపోతే?"

ఈ పాఠమంతా ఆ ఇల్లాలి ప్రశ్నలోనే ఉంది. "ధర పెరుగుతుందా?" అన్న ప్రశ్నకు జవాబు ఏజెంటు దగ్గర లేదు, మన దగ్గరా లేదు. "పెరగకపోతే మా కుటుంబం నిలబడగలదా?" అన్న ప్రశ్నకు జవాబు మాత్రం మన దగ్గరే ఉంది. బుద్ధిమంతుడు తనకు జవాబు దొరికే ప్రశ్నతో మొదలుపెడతాడు.

1. ఉండడానికా, పెట్టుబడికా?

మొదట ఈ సంగతి తేల్చుకోండి. మనం ఉండడానికి కొనే ఇల్లు వేరు, పెట్టుబడిగా కొనే స్థలం వేరు. ఉండే ఇంటికి ధర పెరిగినా తగ్గినా పెద్ద తేడా లేదు. అద్దె తప్పుతుంది, పిల్లలకు ఒక చిరునామా ఉంటుంది. అక్కడ చూసుకోవలసింది బడి ఎంత దూరం, నీళ్ళు ఉన్నాయా, నెలవారీ వాయిదా జీతంలో ఇముడుతుందా అన్న సంగతులే.

పెట్టుబడి అలా కాదు. అది ఒక వ్యాపారం. వ్యాపారానికి లెక్క కావాలి. చాలామంది ఈ రెండింటినీ కలిపివేస్తారు. "ఇప్పుడు కొందాం, పెరిగితే అమ్ముదాం, పెరగకపోతే ఇల్లు కట్టుకుందాం" అంటారు. బస్సు కూడా రాని చోట, పిల్లలకు బడి లేని చోట నిజంగా ఇల్లు కట్టుకుంటారా? కట్టుకోరు. అది మనసును సమాధానపరచుకోవడానికి చెప్పుకొనే మాట మాత్రమే.

2. లెక్క కాగితం మీద వేయండి

"పదేళ్ళ క్రితం 20 లక్షలకు కొన్నాడు, ఇవాళ 30 లక్షలకు అమ్మాడు, పది లక్షలు లాభం" అని వింటాం. వినడానికి బాగుంటుంది. కాగితం, పెన్ను తీసుకొని చూద్దాం.

రెండు తెలుగు రాష్ట్రాలలోనూ స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను ఖర్చులు కలిపి సుమారు ఏడున్నర శాతం అవుతాయి. అంటే 20 లక్షల మీద లక్షన్నర. మధ్యవర్తికి నూటికి ఒక రూపాయి చొప్పున 20 వేలు. కొన్ననాడే మన చేతినుండి 21 లక్షల 70 వేలు వెళ్ళింది. అమ్మిననాడు మధ్యవర్తికి మళ్ళీ 30 వేలు. చేతికి వచ్చింది 29 లక్షల 70 వేలు. పదేళ్ళకు మిగిలినది 8 లక్షలు. చక్రవడ్డీ లెక్కన సాలుకు 3.2 శాతం మాత్రమే. అదే 21 లక్షల 70 వేలు బ్యాంకులో సాలుకు ఆరున్నర శాతం చక్రవడ్డీకి పడి ఉంటే పదేళ్ళకు 40 లక్షలు దాటేది. వడ్డీ మీద, లాభం మీద పన్నులు వేరు.

ఆ స్థలమే మూడు రెట్లయి 60 లక్షలకు అమ్ముడుపోయిందనుకోండి. అప్పుడు ఇదే పద్ధతిలో లెక్క వేస్తే సాలుకు 10.6 శాతం వస్తుంది. ఇది మంచి లాభమే. అయితే "మూడు రెట్లు" అన్నప్పుడు మన చెవికి వినిపించినంత పెద్దది కాదు. అందుచేత ఎవరైనా లాభం గురించి చెప్పినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి: ఎన్నేళ్ళకు? ఖర్చులన్నీ పోగా?

అప్పు చేసి కొనేవారి లెక్క ఇంకా కఠినం. రెండు రూపాయల వడ్డీ అని తేలికగా అంటాం. నూటికి నెలకు రెండు రూపాయలంటే సాలుకు 24 శాతం. 5 లక్షలు అలా తెస్తే నెలకు 10 వేలు, మూడేళ్ళకు 3 లక్షల 60 వేలు వడ్డీకే పోతాయి. అసలు అలాగే ఉంటుంది. ఖాళీ స్థలం అద్దె ఇవ్వదు, పంట ఇవ్వదు. నెలనెలా వడ్డీ కట్టవలసింది మన వంటింటి ఖర్చులోనుండే.

బ్యాంకు అప్పు ఇంత భారం కాదు, అయినా లెక్క తెలిసి ఉండాలి. 30 లక్షలు 9 శాతం వడ్డీకి 20 ఏళ్ళకు తీసుకుంటే నెలకు సుమారు 27 వేలు వాయిదా. మొత్తం కట్టేది దాదాపు 65 లక్షలు. అద్దెకిచ్చే ఉద్దేశంతో 60 లక్షల ఫ్లాటు కొని, 15 వేలు అద్దె వస్తే, సాలుకు లక్షా 80 వేలు. అంటే పెట్టిన సొమ్ము మీద 3 శాతం. 9 శాతానికి అప్పు తెచ్చి 3 శాతం అద్దె తీసుకుంటే మిగతా 6 శాతం ధర పెరుగుదల రూపంలో ప్రతి సంవత్సరం రావాలి. రాని సంవత్సరం ఆ లోటు మనదే.

3. ఒకే నేల, మూడు కాలాలు

మన కళ్ళ ముందే జరిగిన ఉదాహరణ అమరావతి. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. అదే సంవత్సరం సెప్టెంబరులో రాజధాని విజయవాడ పరిసరాలలో ఉంటుందని శాసనసభలో ప్రకటించారు. అక్కడినుండి ఆ చుట్టుపక్కల ఎకరం ధర, గజం ధర ఆకాశాన్ని అంటాయి. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. ఎక్కడెక్కడివారో వచ్చి కొన్నారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట శాసనసభలో వినిపించింది. కొనేవారు మాయమయ్యారు. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు వచ్చింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. 2025 మే 2న పనులు తిరిగి ప్రారంభమయ్యాయి. బేరాలు మళ్ళీ మొదలయ్యాయి.

ఈ పదకొండేళ్ళలో ఆ నేల అంగుళం కూడా కదలలేదు. మారినవి వార్తలు. ఇక్కడ మనం నేర్చుకోవలసింది ప్రభుత్వాల సంగతి కాదు. ఒకే వీధిలో, ఒకే ధరకు కొన్న ఇద్దరిని తీసుకోండి. ఒకరు తమకు అప్పట్లో అవసరం లేని సొమ్ముతో కొన్నారు. ధర పడిపోయినప్పుడు బాధపడ్డారు గాని, వేచి ఉండగలిగారు. మరొకరు వడ్డీకి తెచ్చి కొన్నారు. పిల్ల పెళ్ళి వచ్చింది, అప్పులవాళ్ళు ఇంటికి వచ్చారు, 2020లో అయినకాడికి అమ్ముకోవలసి వచ్చింది. ఇద్దరి తెలివితేటల్లో తేడా లేదు. తేడా అంతా వేచి ఉండగల శక్తిలో ఉంది. భూమిలో లాభం అనేది ఓపిక పట్టగలిగినవారికే దక్కుతుంది. ఆ ఓపిక స్వభావం వలన మాత్రమే రాదు. అప్పు లేకపోవడం వలన వస్తుంది.

4. మన మనసు మనతో ఆడే ఆటలు

మనిషి డబ్బు విషయంలో ఎందుకు తప్పటడుగు వేస్తాడో డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు పరిశోధించారు. వందరూపాయలు వచ్చిన సంతోషం కన్న వందరూపాయలు పోయిన బాధ మనిషికి ఎక్కువగా తగులుతుందని 1979లో ప్రకటించిన తమ సిద్ధాంతంలో వివరించారు. కానమన్‌కు 2002లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఇలాంటి తప్పటడుగులు మన వెంచర్లలో రోజూ కనిపిస్తాయి.

మొదటిది, మొదట విన్న ధర. "గజం 18 వేలండి, మీరు కనుక 14 వేలకు ఇప్పిస్తాను" అంటాడు. మన మనసు 18 దగ్గర పాతుకుపోతుంది. 14 చవక అనిపిస్తుంది. ఆ పక్క ఊరిలో గత ఆరు నెలల్లో నిజంగా ఎంతకు రిజిస్ట్రేషన్లు జరిగాయో అడగడం మరచిపోతాం.

రెండవది, నలుగురి మాట. లాభం వచ్చినవాడు పదిమందికి చెప్పుకుంటాడు. నష్టపోయినవాడు నోరు మెదపడు. అందుచేత మన చెవిన పడేవన్నీ గెలుపు కథలే. విచారణలో పదిమంది కొంటే, ఇద్దరి మాటే మనం వింటున్నామేమో ఆలోచించాలి.

మూడవది, పెట్టిన సొమ్ము మీద మమకారం. రెండు లక్షలు బయానా ఇచ్చాక కాగితాల్లో లోపం బయటపడుతుంది. "రెండు లక్షలు పోతాయే" అన్న భయంతో మిగతా పద్దెనిమిది కూడా కట్టేస్తాం. పోయిన రెండూ పోయినవే. ఇప్పుడు నిర్ణయించవలసింది చేతిలో ఉన్న పద్దెనిమిది గురించి.

నాలుగవది, తొందర. "రేపటికి ఉండదు" అనే మాట ఆలోచనను ఆపడానికి చెప్పే మాట. మంచి స్థలం ఒకటి చేజారితే మరొకటి దొరుకుతుంది. చేజారిన సొమ్ము దొరకదు.

5. కాగితాలు ఏమి చెబుతాయి?

రిజిస్ట్రేషను అయిందంటే హక్కు వచ్చేసినట్టేనని చాలామంది నమ్ముతారు. సబ్ రిజిస్ట్రారు దస్తావేజును నమోదు చేస్తాడు. అమ్మినవానికి నిజంగా హక్కు ఉందో లేదో తీర్పు చెప్పడు. హక్కు లేనివాడు రాసిచ్చిన కాగితం రిజిస్టరు అయినా మనకు హక్కు రాదు. అందుచేత ఈ క్రింది విషయాలు తప్పక చూడండి.

ఈసీ తీయించండి. కనీసం 30 ఏళ్ళది చూడడం మంచిది. అయితే ఈసీలో రిజిస్టరు అయిన లావాదేవీలే కనిపిస్తాయి. కోర్టు కేసులు, కుటుంబ తగాదాలు, రిజిస్టరు కాని వీలునామాలు అందులో కనిపించవు. కనుక లింకు దస్తావేజులన్నీ ఒక న్యాయవాదికి చూపించాలి. ఆ న్యాయవాది అమ్మేవారు కుదిర్చినవాడు కాకూడదు.

నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడండి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూముల అమ్మకాన్ని 1977 నాటి చట్టం నిషేధించింది. తరువాత కొన్ని సడలింపులు వచ్చినా, తహసీల్దారు కార్యాలయంలో విచారించకుండా డి-పట్టా భూమి జోలికి పోకండి. చవకగా వస్తోందంటే కారణం అదే కావచ్చు.

జీపీఏ మీద, నోటరీ కాగితం మీద కొనకండి. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అగ్రిమెంటు మాత్రమే ఉంటే యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది.

వెంచరుకు, అపార్టుమెంటుకు రెరా నంబరు అడగండి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు మించిన స్థలంలోగాని, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతోగాని చేపట్టే ప్రాజెక్టును రిజిస్టరు చేయకుండా అమ్మకూడదు. రిజిస్టరైన ఒప్పందం రాయకముందు ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. "ప్రీ లాంచి ఆఫరు, మొత్తం ఇప్పుడే కడితే సగం ధర" అని ఎవరైనా అంటే, సగం ధరకు అమ్ముతున్నది ఇల్లు కాదు, ఒక మాట మాత్రమేనని గ్రహించండి.

అమ్మేవారి అక్కచెల్లెళ్ళు సంతకం చేశారా? ఇది మన క్రైస్తవ కుటుంబాలు ప్రత్యేకంగా గమనించాలి. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం తండ్రి వీలునామా రాయకుండా మరణిస్తే ఆస్తిలో మూడవ వంతు తల్లికి, మిగిలినది కొడుకులకు, కూతుళ్ళకు సమానంగా చెందుతుంది. "ఆడపిల్లలకు కట్నాలు ఇచ్చేశాం" అన్న మాటతో వారి హక్కు పోదు. అన్నదమ్ముల సంతకాలతోనే కొంటే, పదేళ్ళ తరువాత ఒక చెల్లెలు వచ్చి తన భాగం అడగవచ్చు. అడగడం ఆమె న్యాయమే. తప్పు సరిగా చూసుకోకుండా కొన్న మనది.

6. నేలను వానాకాలంలో చూడండి

ఎండాకాలంలో ప్రతి నేలా మెరకగానే కనిపిస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, దాని పరిసర కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. హైదరాబాదులో 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా సంస్థ చెరువుల హద్దుల్లోని కట్టడాలను కూల్చినప్పుడు, రిజిస్ట్రేషను కాగితాలు చేతపట్టుకొని రోడ్డున నిలబడిన కుటుంబాలను చూశాం. అందుకే చెరువు పూర్తి నీటిమట్టం హద్దు, దాని చుట్టూ వదలవలసిన జాగా, వాగు, కాలువ ఎక్కడున్నాయో గ్రామ పటంలో చూడండి. ఏజెంటు కారులో కాక, ఒక వానరోజున మీ అంతట మీరు వెళ్ళండి. పశువులు మేపుకొనే ముసలివారిని అడగండి: "తాతా, ఇక్కడ నీళ్ళు నిలుస్తాయా?" ఏ బ్రోచరులోనూ లేని సంగతి ఆయన చెబుతాడు.

7. "మనవాడే" అన్న మాట

ఇది చెప్పడానికి కొంచెం కష్టంగా ఉన్నా చెప్పక తప్పదు. "మనవాడే, మన విచారణవాడే, బావగారి స్నేహితుడే, కాగితాలు అడిగితే ఏమనుకుంటాడో" అని ఊరుకొనేవారు మనలో ఎందరో. నమ్మకం మంచిదే. అయితే కాగితం అడగడం అవమానం కాదు. కాగితం సరిగా ఉంటే నిజాయితీగల మనిషి సంతోషంగా చూపిస్తాడు. అతడు కూడా మోసపోయి, తెలియక మనకు అమ్ముతూ ఉండవచ్చు కదా. కాగితం చూస్తే ఇద్దరూ బయటపడతారు. చూడకపోతే ఇద్దరి మధ్య స్నేహం కూడా ఆ స్థలంతోపాటు పోతుంది.

విదేశంలో ఉన్నవారు ఊళ్ళోని తమ్ముడి పేరు మీద, బావమరిది పేరు మీద కొనిపించడం కూడా ఇలాంటిదే. ఎవరి కష్టార్జితమో వారి పేరు మీదే దస్తావేజు ఉండాలి.

8. నిర్ణయం చేసే పద్ధతి

స్థలం చూడడానికి వెళ్ళకముందే ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసి భార్యాభర్తలిద్దరూ దగ్గర పెట్టుకోండి. ఎంతవరకు పెట్టగలం? ఆ సొమ్ము ఎన్నేళ్ళు ముట్టుకోకుండా ఉండగలం? ఏ కాగితం లేకపోతే వెనక్కి తిరిగి వస్తాం? అత్యవసరానికి ఆరు నెలల ఇంటి ఖర్చు వేరుగా ఉందా? చూసి వచ్చాక ఆ కాగితం మార్చకండి. బయానా ఇవ్వడానికి కనీసం వారం గడువు పెట్టుకోండి. ఉన్నదంతా ఒకే స్థలంలో పెట్టకండి. భూమి అర్ధరాత్రి ఆసుపత్రి బిల్లు కట్టదు. బ్యాంకులో ఉన్న సొమ్ము కడుతుంది.

ఇంతకీ మన మాస్టారు ఏమి చేయాలి? రెండేళ్ళలో పెళ్ళి ఉంది కనుక ఆ సొమ్ము స్థలంలో పెట్టకూడదు. ఆ బిట్టు ఎంత మంచిదైనా సరే. స్థలం మంచిదే కావచ్చు. ఆయనకు మాత్రం అది కొనే కాలం కాదు. పెళ్ళి ఖర్చు, ఆరోగ్యానికి కొంత బ్యాంకులో వేసుకొని, మిగిలినదానితో, మిగిలితేనే, చిన్న స్థలం చూడవచ్చు. ఏజెంటు మళ్ళీ ఫోను చేస్తే చెప్పవలసిన జవాబు కూడా ఆ ఇల్లాలే నేర్పింది: "బాబూ, పెరగకపోతే తట్టుకొనే స్థితిలో మేము లేము."

ఈ మాట చెప్పడానికి సిగ్గుపడనక్కరలేదు. కొననందుకు వచ్చే చింత కొన్నాళ్ళకు పోతుంది. తొందరపడి కొన్నందుకు వచ్చే చింత పిల్లల కాలం దాకా ఉంటుంది.

ఈ వారం ఇంట్లో మాట్లాడుకోవడానికి:

1. మన దగ్గరున్న సొమ్ములో వచ్చే ఐదేళ్ళలో తప్పక అవసరమయ్యేది ఎంత?
2. మనకున్న స్థలాల లింకు దస్తావేజులు, ఈసీ ఎక్కడ ఉన్నాయో ఇంట్లో ఇద్దరికీ తెలుసా?
3. మన తల్లిదండ్రుల ఆస్తిలో అక్కచెల్లెళ్ళ భాగం గురించి ఎప్పుడైనా స్పష్టంగా మాట్లాడుకున్నామా?
4. మనం ఇదివరకు కొన్న స్థలానికి ఖర్చులన్నీ తీసివేసి సాలుకు ఎంత శాతం వచ్చిందో పిల్లలచేత లెక్క వేయించండి. వారికి పాఠమూ అవుతుంది, మనకు కనువిప్పూ అవుతుంది.